గడ్డి వచ్చిన రోజు

రోబ్నిక్ వారి వంటింట్లో ఆ ఉదయం పని జోరుగా సాగుతోంది. అటక మీంచి దించిన, ఆకు ఊడ్చే పాత చెక్క గొర్రులు నేల నిండా పరిచి ఉన్నాయి. జోఫ్కా పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని, ఊడిపోయిన పళ్లకు బదులు కొత్త పుల్లలు బిగిస్తోంది. ఎదురుగా పక్కింటి తిల్కా చాకుతో పుల్లలు చెక్కుతోంది. ఒక పుల్ల చెక్కితే నాలుగు మాటలు రాలుతున్నాయి.

"వదినా, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ స్తెల్యరాయ అంటున్నావు. ఇంతకీ చెట్టెక్కేదెవరు? మీ ఆయనా?"

జోఫ్కా భర్త పోల్దే గుమ్మంలో నిలబడి బూట్ల బురద గీక్కుంటున్నాడు. "నేను కుర్చీ ఎక్కి బల్బు మార్చినా ఈవిడ వచ్చి కాళ్లు పట్టుకుంటుంది. చెట్టెక్కానంటే పాదిరీ గారికి ముందే కబురు చేయాలి," అన్నాడు.

"నువ్వేం ఎక్కొద్దులే. కింద నిలబడి అందరికీ సారా పొయ్యి. ఆ పని నీకు బాగా వచ్చు," అంది జోఫ్కా. "నిప్పులార్పే దళం కుర్రాళ్లు నలుగురు ఎక్కుతామన్నారు."

స్తెల్యరాయ అంటే పొహోర్యే కొండవాళ్ల ఆకుల పండగ. కొండ మీద చలికి గోధుమ సరిగా పండదు. గోధుమ లేకపోతే గడ్డి లేదు. గడ్డి లేనప్పుడు చలికాలమంతా పశువుల కింద పరవడానికి అడవే దిక్కు. అందుకని ఏటా ఆకురాలు కాలంలో ఒక్కో ఇంటివారు ఊరందరినీ పనికి పిలిచేవారు. మగవాళ్లు బూట్లకు ఇనప ముళ్లు కట్టుకుని సూదాకుల స్మ్రేక చెట్లెక్కి, చిటారున చిన్న కుచ్చు మాత్రం మిగిల్చి, పచ్చి కొమ్మలన్నీ నరికి కిందికి వదిలేవారు. ఆడవాళ్లు పాడుకుంటూ అడవి నేలను గొర్రులతో ఊడ్చి, రాలుటాకును బండ్లకెత్తేవారు. పొద్దువాలాక అకార్డియన్, సంకటి, నాట్యం.

జోఫ్కాకు ఇప్పుడు అరవై ఆరు. ఆ పండగ ఆఖరిసారి జరిగినప్పుడు ఆమెకు పన్నెండు. అయినా కళ్లు మూసుకుంటే అంతా ఎదురుగా నిలుస్తుంది. ఆకు నిండిన బండి మీద, అందరికంటే ఎత్తున, తను కూర్చుని ఉంటుంది. కింద మెత్తగా, వెచ్చగా ఆకు. ఒళ్లంతా బంక వాసన. పైన ఎక్కడో నాన్న ఉర్బాన్ ఈల వేస్తూ, చెట్టు కొసను ఊపి ఊపి పక్క చెట్టు కొసను అందుకుని, నేల మీదికి దిగకుండానే అటు దాటిపోతుంటాడు. "రోబ్నిక్ ఉర్బాన్ కి రెక్కలున్నాయిరా," అని జనం అరుస్తుంటారు. ఆ మాట విన్న గర్వం ఇప్పటికీ ఆమె గుండెలో చెక్కుచెదరకుండా ఉంది.

ఊరి మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఇతర ఊళ్లలో ఈ పండగను మైదానంలో, నాలుగు కొమ్మలు పాతి, చూడవచ్చిన వాళ్ల కోసం నాటకంలా ఆడుతున్నారు. ఆమెకు అది నచ్చలేదు. చేస్తే అసలు అడవిలో, అసలు ఆకుతో చేయాలని పట్టుబట్టింది. అక్టోబరు రెండో ఆదివారం ముహూర్తం పెట్టింది. యెలోవ్యె ఊరు ఊరంతటికీ మాట ఇచ్చేసింది. నాన్నతో కలిసి చెట్లెక్కినవాళ్లలో మిగిలింది ఒక్క గోతార్ద్ బాబాయే, ఆయనకూ తొంభై ఒకటి. ఆయన కళ్ల ముందు ఒక్కసారి జరిపించాలి. ఆమెకున్న కోరిక అంతే.

వారికి రెండు అడవులున్నాయి. ఇంటి వెనకదే కింది అడవి, నూరేళ్ల పాటు స్తెల్యరాయ జరిగింది అక్కడే. వాకిలిలా శుభ్రంగా ఉండేదని ఊరందరూ మెచ్చుకునేవారు. రెండోది పై అడవి. బండి ఎక్కలేని నిటారు చోటు కాబట్టి దాన్ని ఎవరూ ఎప్పుడూ ఊడ్చలేదు. ఇప్పుడు ట్రాక్టరు దారి పడింది. అక్కడ ఏటా ఆకు రాల్చే బుకెవ్ చెట్ల ఆకు మోకాలి లోతున ఉంది. పండగ పై అడవిలోనే చేయాలని జోఫ్కా నిశ్చయించింది.

ఇందులో తప్పేముంది అని చదివేవారికి అనిపించవచ్చు. పాత ఆచారాన్ని కాపాడుకోవడం మంచిదే కదా. జోఫ్కాకూ అలాగే అనిపించింది. ప్రేమతో చేసే పనిలో తప్పు కనిపించడం చాలా కష్టం.

అడవిలో కొమ్మ నరకాలన్నా, ఆకు ఊడ్చాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అర్జీ పెట్టిన నాలుగో రోజున మిహేలా వచ్చింది. ఆమె ఊరి పిల్లే, మిల్లు వారి మనవరాలు. ఏ చెట్టు కొట్టాలో, ఏది ఉంచాలో యజమానితో కలిసి నడిచి సుత్తితో ముద్ర వేయడం ఆమె ఉద్యోగం.

"రావే అమ్మాయ్, కూర్చో. సంతకం పెట్టేసి వెళ్దువుగాని," అంది జోఫ్కా, నేరేడు రంగు పళ్ల కేకు ముక్క ముందుకు తోస్తూ.

మిహేలా కేకు తింది. సంతకం మాత్రం పెట్టలేదు. "అత్తా, ముందు మీతో రెండు అడవులూ ఒకసారి తిరగాలని ఉంది," అంది.

"ఆ అడవుల్లోనే పుట్టి పెరిగాను. నాకు నువ్వు చూపించేదేంటి?"

"నాకే మీరు చూపించండి."

ఆ మాటకు జోఫ్కా కాదనలేకపోయింది. తిల్కా కూడా చాకు పక్కన పెట్టి, "నేను లేకుండా మీరిద్దరూ తప్పిపోతారు," అంటూ వెంట బయలుదేరింది.

కింది అడవిలో స్మ్రేక చెట్లు తప్ప మరొకటి లేదు. నేల మీద పల్చగా సూదాకు. మిహేలా సంచీలోంచి మోచేతి పొడవున్న ఇనప గొట్టం తీసి, నేల మీద నిలబెట్టి చెక్క సుత్తితో దిగగొట్టింది. గొట్టానికి ఒక పక్క చీలిక ఉంది. పైకి లాగితే లోపలి మట్టి పొరలు పొరలుగా కనిపించింది. పైన వేలెడు మందం నలుపు. దాని కింద అంతా బూడిద రంగు ఇసుక.

"బూడిదలా ఉందేంటి?" అంది తిల్కా.

"దానికి తిండి అందలేదు," అంది మిహేలా.

కొంచెం దూరంలో పోయిన చలికాలం గాలికి కూలిన చెట్టు మొద్దు ఉంది. పోల్దే రంపంతో నున్నగా కోశాడు. మిహేలా దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "అత్తా, ఏడాదికొక వలయం. బయటి నుంచి లోపలికి లెక్కపెట్టండి."

జోఫ్కా కళ్లజోడు సర్దుకుని గోటితో ఒక్కొక్కటే దాటుతూ పోయింది. బయటి వలయాలు వెడల్పుగా, సుఖంగా ఉన్నాయి. యాభై దాటాక గోరు ఆగిపోయింది. అక్కడి నుంచి వలయాలు ఒకదాన్నొకటి అంటుకుపోయి, తడిసిన పుస్తకంలో కాగితాల్లా ఉన్నాయి. ఏది ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు.

"ఇవి ఏ ఏళ్లు?" అంది, తెలిసి కూడా.

"మీ చిన్నతనం. కొమ్మలు నరికినప్పుడల్లా చెట్టు రెండు మూడేళ్లు ఊపిరాడక నిలబడి ఉంటుంది. పైన ఆకు లేదు, కింద ఆకు లేదు. దేంతో పెరుగుతుంది?"

తను బండి మీద రాణిలా కూర్చున్న ఏడాది అక్కడే ఎక్కడో ఉంది. దాని వెడల్పు గోటికి అందడం లేదు. జోఫ్కా వేలు వెనక్కి తీసుకుంది.

పై అడవికి చేరేసరికి ముగ్గురికీ ఆయాసం వచ్చింది. అక్కడ స్మ్రేకలాంటి సూదాకుల లావు యెల్క చెట్లు, వయసులో ఉన్న బుకెవ్‌లు, వాటి నీడలో జానెడు మొక్కలు, అన్నీ కలగలిపి ఉన్నాయి. అక్కడక్కడ కూలిన మాను నాచు కప్పుకుని పడి ఉంది. గొట్టం ఇక్కడ సుత్తి దెబ్బ పెద్దగా అవసరం లేకుండానే దిగింది. పైకి తీస్తే అడుగు దాకా నలుపు. వానకు తడిసిన తోట వాసన వేసింది. తిల్కా చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి, రెండు మూడుసార్లు వాసన చూసింది.

"ఈ నలుపంతా ఏంటో తెలుసా అత్తా? గాలిలోంచి చెట్టు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు. మన పొయ్యిలది, కింద మారిబోర్ పట్నంలో తిరిగే కార్లది. చెట్టు దాన్ని ఆకుగా, మానుగా మార్చుకుంటుంది. ఆకు రాలి, మాను కూలి, నెమ్మదిగా మట్టిలో కలుస్తుంది. కొండ మీద చలి కాబట్టి త్వరగా కుళ్లిపోదు, పేరుకుంటూ ఉంటుంది. కొండ అడవి తను దాచుకున్నదంతా చెట్లలోనే పెట్టుకోదు, చాలా భాగం కాళ్ల కిందే పెట్టుకుంటుంది. మనకు కనిపించదు కాబట్టి చెత్త అనుకుని ఊడ్చేస్తాం."

"ఒక్క ఆదివారం ఊడిస్తే మునిగిపోతుందా?"

"కింది అడవిని ఊడ్చడం ఆపి యాభై నాలుగేళ్లయింది. వేలెడే తిరిగి వచ్చింది. మీరే చూశారు."

జోఫ్కా ముఖం ఎర్రబడింది. "అంటే ఏమంటావు? మా నాన్న, తాత, ముత్తాత, అందరూ అడవిని దోచుకున్నారంటావా? చదువుకున్నావు కదా, అను!"

"నేనలా అనలేదు అత్తా."

"అనకపోయినా అర్థమైంది. నీకు సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే మానెయ్. మా నాన్నకి ఈ పని ప్రాణం. గోతార్ద్ బాబాయి చెబుతాడు నీకు. ఆయన మాట మీద మీ పై అధికారి దగ్గరికే వెళ్తాను!"

ఆమె గబగబా దిగిపోయింది. వెనక తిల్కా, "వదినా, మెల్లగా! మోకాలు కొత్తది కాదు!" అని అరుస్తూనే ఉంది.

గోతార్ద్ ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని ఆపిల్ పళ్లు చెక్కు తీస్తున్నాడు. చెక్కు తెగకుండా పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ పడుతోంది. జోఫ్కా వచ్చి పక్కన కూలబడి, జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"నువ్వే చెప్పు బాబాయ్. నాన్నకి చెట్టెక్కడమంటే ఎంత ఇష్టమో ఆ పిల్లకి నువ్వే చెప్పాలి."

గోతార్ద్ చాకు ఆపాడు. "ఇష్టమని నీకెవరు చెప్పారే?"

"ఈల వేసేవాడు కదా!"

"భయమేస్తే మీ నాన్న ఈల వేసేవాడు. పెళ్లి చూపులకి వెళ్లినప్పుడు కూడా వేశాడు." ముసలాయన నవ్వాడు, వెంటనే నవ్వు తగ్గిపోయింది. "ఎక్కే ముందు గొడ్లసావిడి వెనక నిలబడి ఒక గుక్క సారా తాగేవాడు, చేతులు వణక్కుండా. నేనూ తాగేవాణ్ణి. మా అన్న ఫ్లోర్యాన్ పైనుంచి పడింది ఒక స్తెల్యరాయ రోజునే. పొద్దున పడ్డాడు, మధ్యాహ్నానికి పోయాడు. మర్నాడు మళ్లీ మేం చెట్లెక్కాం. ఆవుల కింద పరవాలి కదా. మంచు మన ఏడుపు కోసం ఆగుతుందా?"

జోఫ్కాకు ఫ్లోర్యాన్ పేరు తెలుసు, చర్చి వెనక రాయి మీద చదివింది. ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు.

"చెట్టుకి నొప్పని తెలియదా మాకు? మూడేళ్లకోసారి అదే చెట్టెక్కేవాళ్లం. ఎక్కిన ప్రతిసారీ దాని ఆకు ముందటికంటే పల్చన. మీ నాన్న నరికే ముందు మానుకి చెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేవాడు. అన్నీ తెలిసే చేశాం. గడ్డి లేదు మరి."

"మరి నాట్యం? పాటలు?"

"పేదవాళ్లు పాడకుండా అంత బరువు పని చేయగలరేంటే పిచ్చిదానా!"

గోతార్ద్ మళ్లీ చాకు అందుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"గడ్డి వచ్చిన రోజు నీకు గుర్తుండదు. డెబ్బై ఒకటో సంవత్సరం, వేసవి ఆఖరు. కొత్త రోడ్డు పడింది. సహకార సంఘం లారీ కింద ప్తుయ్ మైదానం నుంచి గోధుమ గడ్డి మోపులు వేసుకుని కొండెక్కి వచ్చింది. మీ వాకిట్లో దించాం. మీ నాన్న ఒక మోపుకి ముఖం ఆనించి నిలబడిపోయాడు. వాసన చూస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే భుజాలు కదులుతున్నాయి. అంత మనిషి ఏడుస్తున్నాడు. ముఖం తుడుచుకుని, 'గోతార్ద్, ఇంక వాటి చొక్కా వాటి ఒంటి మీదే ఉండనీరా,' అన్నాడు. చెట్లనే."

ఆ రోజు జోఫ్కాకు గుర్తుంది. ఈ ఏడు స్తెల్యరాయ లేదని తెలిసి, గొడ్లసావిడిలో దూరి, అన్నం తినకుండా ఏడ్చిన రోజు అది.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్? ఇన్నేళ్లలో ఒక్కసారైనా..."

"చెబుదామన్నాను. వద్దన్నాడు. 'దాని పండగ దానికి ఉండనీ, మన కష్టం దానికెందుకు' అన్నాడు." గోతార్ద్ చెక్కిన ఆపిల్ ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "తిను. నువ్వు ఏడిస్తే నాకు తోచదు."

ఆమె ఆ ముక్క కొరికింది. తను ఇన్నేళ్లుగా ప్రేమించినది నాన్న సంతోషాన్ని అనుకుంది. నాన్న తన కోసం దాచిపెట్టిన బాధ పక్కనే, కనిపించకుండా ఉండిపోయింది.

ఆ సాయంత్రమే జోఫ్కా మిహేలా ఇంటికి వెళ్లి తలుపు తట్టింది. "అమ్మాయ్, నా అర్జీ ఇటివ్వు," అంది.

"క్షమించండి అత్తా, మీ నాన్నగారిని..."

"నువ్వు ఊరుకో. ఆ కింది అడవిని ఎలా బాగుచేయాలో చెప్పు."

మర్నాడు సంఘం ఆడవాళ్ల ముందు, ఆకు ఊడ్చొద్దు, మొక్కలు నాటుదాం అని చెప్పడం అర్జీ వెనక్కి తీసుకున్నంత తేలిక కాలేదు. "పిలుపులు వెళ్లిపోయాయి! అడవికి వెళ్లి ఆకు తేకుండా రావడమంటే, పెళ్లికెళ్లి భోంచేయకుండానే చేతులు కడుక్కుని వచ్చినట్టు!" అని ఒకామె విసుక్కుంది. "ఆ పిల్ల ఒక గొట్టం చూపిస్తే జోఫ్కా బెదిరిపోయింది," అని ఇంకొకామె అంది. తనను ఎప్పుడూ ఏడిపించే తిల్కా ఏమంటుందోనని జోఫ్కా భయపడింది.

తిల్కా లేచి నిలబడింది. "నేనూ చూశాను ఆ గొట్టం. మా ఇంటి వెనక అడవి కూడా ఊడ్చిందే. అక్కడ పుట్టగొడుగులు ఎందుకు రావో నలభై ఏళ్లుగా మా అత్తగారిని తిట్టుకున్నాను, ఆవిడ దిష్టి అనుకుని. పాపం, ఆవిడకి క్షమాపణ చెప్పాలి," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది. మిగతా సగం కాలేదు. ఐదు ఇళ్లవాళ్లు మేం రాం అని చెప్పేశారు.

అక్టోబరు రెండో ఆదివారం పండగ మాత్రం జరిగింది. ఆ ముందు వారం మిహేలా కింది అడవిలో కిక్కిరిసిన స్మ్రేకలు కొన్నింటికి ముద్ర వేసింది. ఒకేచోట కాకుండా ఇక్కడొకటి, అక్కడొకటి. వాటిని కొట్టాక నేల మీద వెలుగు మచ్చలు పడ్డాయి. చిన్న రెమ్మలనూ సూదాకునూ ఎక్కడ రాలినవి అక్కడే వదిలేశారు. ఆ వెలుగు మచ్చల్లో నాటడానికి బుకెవ్, యెల్క మొక్కలు నర్సరీ నుంచి వచ్చాయి. బండి ఈసారి ఇంటి నుంచి అడవికి నిండుగా వెళ్లింది. ఆడవాళ్లు పాత పాటలే పాడారు. పోల్దే సారా పోశాడు, తానూ పోసుకున్నాడు. గుంటలు తవ్వడంలో నిప్పులార్పే దళం కుర్రాళ్లకీ తిల్కాకీ పందెం పడితే తిల్కా గెలిచింది, గెలిచి రెండు రోజులు మంచం దిగలేదు.

గోతార్ద్‌ని కుర్చీలో మోసుకొచ్చి అడవి అంచున కూర్చోబెట్టారు. "ఇదేం స్తెల్యరాయ, ఎవరూ పడలేదు," అన్నాడాయన. మొదటి యెల్క మొక్కను ఆయన చేతే పెట్టించారు. మొక్క చుట్టూ ఆకు సర్ది, అరచేత్తో అదుముతూ ఉండగా ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. తన అన్నతో మాట్లాడాడని జోఫ్కా అనుకుంది.

అజ్దా అనే కొండధాన్యం పిండి సంకటి మీద వేయించిన కొవ్వు ముక్కలు, పక్కన పులిసిన పాలు వడ్డించే ముందు, ఇంటావిడ నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. జోఫ్కా రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీయలేదు.

"నేను మిమ్మల్ని ఇంకో పనికి పిలిచాను, ఈ పని చేయించాను. నా మీద కోపం ఉన్నవాళ్లు భోజనం అయ్యాక తిట్టండి, సంకటి చల్లారిపోతుంది," అంది. నవ్వులు ఆగేదాకా ఆగింది. "నాకు మా నాన్న గుర్తొచ్చినప్పుడల్లా చెట్టు మీదే గుర్తొచ్చేవాడు. ఇంక గడ్డి మోపు దగ్గర కూడా గుర్తొస్తాడు. మన పెద్దవాళ్లు ఈ అడవిని ఊడ్చింది ద్వేషంతో కాదు, లేమితో. ఊడ్చనవసరం లేని రోజు వస్తే ఆనందంతో ఏడ్చారు. ఆ రోజు మనకు వచ్చి యాభై ఏళ్లు దాటింది."

ఆమె గోతార్ద్ వైపు తిరిగింది.

"వాళ్ల పాటలు పాడుకుందాం, వాళ్ల సంకటి తిందాం, వాళ్ల ధైర్యం పిల్లలకు చెబుదాం. వాళ్ల లేమిని మాత్రం ముచ్చటపడి మళ్లీ అడవి మీద ఆడించొద్దు. చెట్టును ఎంచి ఒక్కొక్కటిగా కొట్టుకుందాం, రాలిన ఆకును రాలిన చోటే ఉండనిద్దాం. అడవి సొత్తు అడవికి వదిలేస్తే, మనం గాలిలోకి వదిలిన పొగను కూడా ఈ కొండ మన మనవల కోసం తన మట్టిలో దాచిపెడుతుంది."